పులుపు చచ్చిన ద్రాక్ష

వైన్ కంపెనీ నా నల్లద్రాక్షను వెనక్కి పంపిన అవమానం నేను మరచిపోలేదు. శంషాబాద్ బస్టాండులో నమూనా బుట్ట పక్కన పెట్టుకుని వాళ్లను తిడుతుంటే, పక్కనున్న ఆవిడ ఒక పండు నోట్లో వేసుకుని పెదవి విరిచింది. క్రిస్మస్‌కు ఇంట్లోనే వైన్ చేస్తుందట.

“పొటాష్ మస్తు ఏసినవా అన్నా?”

“తీపి రావద్దా అక్కా?”

“తీపొచ్చింది గని పులుపు సచ్చింది. గిట్లుంటె వైన్ చప్పగైతది, రంగు గూడ నిలవది.”

“ఇగ ఎయ్యద్దంటవా?”

“గట్లెట్ల? కాయ పండొద్దా?” అని నవ్వింది.

ఎంత వెయ్యాలో అడిగేలోపు షాద్‌నగర్ బస్సెక్కేసింది.

కొమ్మలు కత్తిరించి ఎరువు వేసే కాలం మళ్లీ వచ్చింది. ఈసారీ కంపెనీ కాదంటే తోట తీసేయాల్సిందే. ఎరువుల కొట్టువాడు అంటగట్టిన పొటాష్ బస్తా గట్టుమీదే ఉంది. విప్పలేదు, వాపసూ ఇవ్వలేదు.