అగ్గిపెట్టెలో పొలుసులు

చాతం రేవులో బంబూఫ్లాట్ వెళ్లే పడవ ఎక్కినప్పుడు నా ఒళ్లో ఒక చెక్కపెట్టె ఉంది. అందులో మైక్రోస్కోపు. మా ట్రస్టు నడిపే ఐదు బడులకూ అదొక్కటే. వారానికొక బడి చొప్పున నేనే మోసుకు తిరుగుతాను. దానివల్ల లాభమేమిటో రాయండి, లేకపోతే ఆపేస్తామని పైఆఫీసు కాగితం పంపింది. అప్పటికే మూడు పేజీల కోతలు కోశాను. దోమకాలు చూసి ఒక పిల్లాడు రాత్రికి రాత్రే డాక్టరైపోయాడని కూడా రాశాను.

పక్కన చేపల గంపతో కూర్చున్నావిడ అడిగింది. "పెట్టిలో ఏటుంది భయ్యా?"

"మొసలి గుడ్లు. గట్టిగా మాట్లాడితే పిల్లలు బయటికొచ్చేస్తాయి."

ఆవిడ పకపకా నవ్వింది. "ఝూట్ మత్ బోలో! నాకు తెల్దేటి, ఇది మా పాప బడికొచ్చే అద్దాల పెట్టి. దీన్ని సూసిన కాడ్నుంచి ఏ సేప కోసినా ఒక పొలుసు దాసమంటాది. వచ్చే వారం మా వంతే గదా?"

కొంగుముడి విప్పి అగ్గిపెట్టె తెరిచింది. రకరకాల చేపల పొలుసులు, ఒక్కొక్కటీ కాగితంలో చుట్టి ఉన్నాయి. పెట్టె ఇక రాదేమోనని చెప్పే బదులు, ఒకటి ఇమ్మని అడిగాను.

"పండుగప్పవి రెండున్నాయి, తీసుకో."

ఇంటికెళ్లి మూడు పేజీలూ చింపేశాను. కొత్త కాగితం మీద ఆ పొలుసు అంటించి, కింద ఆవిడ మాటలే రాసి పంపాను.

జవాబులో పెట్టె ఆపే ఊసే లేదు. "ఇది ఏ చేపది? అద్దం కింద ఎలా ఉంటుంది?" అని అడిగారు.

మొసలిదని రాద్దామని చెయ్యి దురద పెట్టింది గానీ, పండుగప్ప అనే రాశాను.