చర్చి గోడ మీద ఆకుపచ్చ చుక్కలు

థర్మన్ మామ నలభై ఒక్క ఏళ్ళు ఒకే గదిలో జుట్టు కత్తిరించాడు. పిట్స్‌బర్గ్‌లో ఏటికి ఇవతల, మా వీధి చివర ఆ గది. ఉక్కు ఫ్యాక్టరీలు మూతపడి వీధి సగం ఖాళీ అయినా ఆయన తలుపు తీయని రోజు లేదు. బేరాలు లేకపోతే స్నేహితుడు ఆర్లిస్‌ని కూర్చోబెట్టి, వద్దన్నా వినకుండా గడ్డం గీసేవాడు.

ఏటి మీద నడక వంతెన పడితే పేట బాగుపడుతుందని ఇల్లిల్లూ తిరిగి అందరినీ చర్చికి పోగేసింది ఆయనే. వంతెన గీసింది నేను. ఆ పేట పిల్లనే, కానీ ఉద్యోగం వచ్చాక కళ్ళు నెత్తికెక్కాయి. గోడకు మూడు నమూనాలు తగిలించి, మనిషికి మూడు ఆకుపచ్చ కాగితం చుక్కలిచ్చి, నచ్చినదాని మీద అంటించమన్నాం. ఎక్కువ చుక్కలు పడ్డదే కడతారు. ఇక్కడ ఏది కట్టాలన్నా ఇదే తంతు.

మామ తన చుక్కలు మామూలు కమాను వంతెనకు అంటించి, చేపలు వేయించడానికి కింద వంటగదిలోకి వెళ్ళాడు. ఆ వాసనకి జనం నిలవలేకపోయారు. ఆర్లిస్‌తో సహా సగం మంది, నీకు తెలియంది మాకేం తెలుసు, నువ్వే అంటించెయ్ అని చుక్కలు నా చేతిలో పెట్టి దిగిపోయారు.

అన్నీ నేను ముచ్చటపడి గీసిన ఒంటి స్తంభం వంతెనకే అంటించాను. దాన్ని మోసే ఇనుప తీగలను వెనక్కి లాగి పట్టడానికి మా ఒడ్డున పెద్ద కాంక్రీటు దిమ్మ కావాలి. అది మామ గది ఉన్నచోటే వస్తుందని బొమ్మ కింద చిన్న అక్షరాల్లో రాసింది కూడా నేనే. తర్వాత జరుపుతారులే అనుకున్నాను. ఎంత సిగ్గులేనిదాన్ని! జరపలేదు.

వంతెన వచ్చింది. పాడుపడ్డ ఇళ్ళకు రంగులు పడ్డాయి, కాఫీ కొట్లు వెలిశాయి. పని మొదలుకాకముందే మామ నోరెత్తకుండా గది ఖాళీ చేసి ఊరవతల కూతురి ఇంటికి వెళ్ళిపోయాడు. తిండి సయించలేదంటే అబద్ధం, బాగానే తిన్నాను. ఆ వంతెన మాత్రం ఎక్కలేకపోయాను.

రెండేళ్ళకు, మొన్న, మామ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేశాను. తిట్టించుకోవాలనే వెళ్ళాను.

"అంటే, మనవాళ్ళు నన్ను పొమ్మనలేదా?"

"లేదు మామా. వాళ్ళు ఆ బొమ్మ సరిగ్గా చూడను కూడా లేదు."

"చూసే అంటించారనుకున్నా. అందుకే మళ్ళీ ఆ పేట గడప తొక్కలేదు. ఆర్లిస్ ఎన్నిసార్లు ఫోన్ చేశాడో, ఒక్కసారీ ఎత్తలేదమ్మా. మార్చిలో పోయాడని తెలిసింది. మట్టి వెయ్యడానికి కూడా వెళ్ళలేదు."