గోడ కింది మోరి

ఆ మోరిని మూసింది నేనే. ఇంత చిన్న వాక్యాన్ని ఇన్నేళ్లుగా ఛాతీలో రాయిలా మోస్తున్నాను. నా భార్యకు చెప్పలేదు. చెప్పవలసిన మనిషికి అసలే చెప్పలేదు. మీ ముఖం నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది కిషన్‌బాగ్. మా వెనక గోడకు అవతల యాదన్న బర్రెల కొట్టం. గల్లీలో పడిన వాన ముందు అతని కొట్టంలోకి దిగి, గోడ అడుగున ఉన్న మోరి గుండా మా పెరట్లోకి వచ్చి, అటునుంచి నాలాలో కలుస్తుంది. గోడ కట్టిననాడు మా నాన్న, వాళ్ల నాన్న కలిసి వదిలిన దారి అది. ఎవరి గోడా నీళ్లకు అడ్డం నిలవకూడదన్నది మా గల్లీ కట్టుబాటు. పేడనీళ్లు మా పెరట్లోంచి పోతున్నా నాన్న ఏనాడూ ఒక్క మాట అనలేదు.

నేనూ అనలేదు. చేశాను. వెనక గదికి కొత్తగా పాలరాయి పరిపించాను. ఒక వానకు పేడనీళ్లు గడప దాటాయి. ఆ ఆదివారమే ఇటుకలు పేర్చి, నా చేత్తో సిమెంటు కలిపి, మా వైపు నుంచి మోరిని మూశాను. అతని వైపు గడ్డిమోపులు అడ్డంగా ఉండేవి, మూసిన సంగతి అతనికి కనిపించలేదు. నేను సివిల్ ఇంజనీరును. నీటి దారి మూస్తే మట్టం ఎంత పెరుగుతుందో లెక్కగట్టడమే నా వృత్తి. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

మళ్లీ వాన పడకముందే బంగాళాఖాతంలో తుఫాను పుట్టింది. తీరం దాటాక గాలి తగ్గినా, వాన మన మీదికే వస్తుందన్నారు. మధ్యాహ్నం యాదన్న గోడ మీంచి తొంగి చూశాడు.

"ఇంజనీరు సాబ్, మీ దిక్కు మోరి ఖుల్లనే ఉన్నది గదా? బంద్ గిట్ల ఉంటే చెప్పు, బర్లను ఇప్పుడే మిట్ట మీదికి తోల్కపోత."

"ఖుల్లనే ఉంది యాదన్నా. ఫికర్ చెయ్యకు."

"నువ్వు చెప్తే అయిపాయె. టీవీ చూసి మా ఆమె పొద్దటిసంది ఒకటే లొల్లి. ఆమెకన్న బర్లే నయం సాబ్, కట్టేసిన కాడ సప్పుడు చెయ్యకుంట నిలవడ్తయి."

ఇద్దరం నవ్వాము.

ఎందుకలా అన్నాను? గునపం పెరట్లోనే ఉంది. చాలినంత సమయం ఉంది. మూశానని ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డానా? పాలరాయే ఎక్కువైందా? తుఫాను దారి మళ్లుతుందన్న ఆశ మీద ఒక మనిషి బతుకును నిలబెట్టాను. అంత బలహీనమైన పునాది మీద ఒక ప్రహరీ గోడకు కూడా నేను సంతకం పెట్టను.

సాయంత్రానికి కొట్టం తొట్టి అయింది. పొట్టి గొలుసులతో గుంజలకు కట్టిన బర్రెలు, గొలుసు సాగినంత మేరకే తలలెత్తాయి. యాదన్న నీళ్లలో మునిగి మునిగి ఒక్కదాన్నే విప్పగలిగాడు. నేను మేడ మీద ఉన్నాను. వాటి అరుపులు విన్నాను. ఒక్కొక్కటే ఆగిపోవడమూ విన్నాను. అప్పుడైనా గునపం తీసుకుని దిగలేదు. దిగితే, మోరి మూసి ఉందని తెలిసిపోతుంది.

నాలాయే పొంగిందనుకుని అందరూ నీళ్లు తోడేశాక, గల్లీ అంతా కళేబరాలను లాగుతున్నప్పుడు, నేను పెరట్లో నా ఇటుకలు పగలగొట్టాను. నష్టం చూడటానికి వచ్చిన అధికారికి ఇది ప్రకృతి చేసిన పని అని నేనే వివరించాను. పక్కన నిలబడి యాదన్న తలూపాడు.

అతను కొట్టం అమ్మేశాడు. ఇప్పుడు జహనుమాలో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్. పాలు పిండే వేళకు మెలకువ వస్తుందట. లేచి ఊరికే కూర్చుంటాడట.

మొన్న మళ్లీ తుఫాను వార్త. యాదన్న ఫోన్ చేశాడు. తాను ఉండే సెల్లారులోకి నీళ్లొస్తాయేమోనని అడగడానికి అతనికి తోచిన మనిషిని నేనే. వెంటనే పై అంతస్తుకు మారమన్నాను. ఆ మిగతా మాట కోసం నోరు తెరిచాను. "నువ్వు చెప్తే అయిపాయె సాబ్" అని అతను పెట్టేశాడు.

నేను తిరిగి ఫోన్ చేయలేదు.

మోరి ఇప్పుడు తెరిచే ఉంది. వాన పడితే నీళ్లు మా పెరట్లోంచే పోతాయి. వాటికి పేడ వాసన ఉండదు.

మూసింది నేనే. తెరిచి ఉందని చెప్పిందీ నేనే. మిమ్మల్ని క్షమాపణ అడగను. ఆ హక్కున్న మనిషికి ఇంకా చెప్పలేదు. ఇది రాశాక, లోపల ఇన్నేళ్లుగా నిలిచిపోయిన నీరు జానెడు దిగింది. జానెడే.