బొటనవేలి కింద వాగ్దానం

మా బాపట్ల సంఘంలో జనవరి ఒకటో తేదీ ఉదయం ఆరాధన అయ్యాక వాగ్దానాలు పంచుతారు. చిన్న కార్డు మీద ఒక బైబిల్ వాక్యం ఉంటుంది. అలాంటివన్నీ చుట్టి, దారం కట్టి స్టీలు పళ్ళెంలో పోస్తారు. పాస్టరుగారి భార్యను మేమంతా అమ్మగారు అంటాం. ఆవిడ ఆ పళ్ళెం పట్టుకుని ఆడవాళ్ళ వరసల్లో తిరుగుతారు. కళ్ళు మూసుకుని ఒకటి తీసుకోవాలి. ఆ ఏడాదికి దేవుడు మనతో చెప్పే మాట అదే. ఇంటర్ పాసై, సండే స్కూల్ పిల్లలకు చెప్పడం మొదలుపెట్టిన ఏడు నుంచీ నేనలాగే నమ్మాను. ఉద్యోగం మారాలన్నా, ఇల్లు మారాలన్నా ముందు బైబిల్లో దాచుకున్న కార్డు తీసి చూసుకునేదాన్ని.

నాకు ముప్ఫై ఆరు నిండాక ఒక సంబంధం వచ్చింది. ఆయనది రేపల్లె, కరెంటు ఆఫీసులో పని. భార్య పోయి రెండేళ్ళయింది, ఒక పాప. తెనాలిలో వాళ్ళ అక్కగారింట్లో కలుసుకున్నాం. మాట్లాడుతున్నంతసేపూ నా టీ చల్లారిపోతోందని ఆయన రెండుసార్లు గుర్తుచేశారు. పాప వచ్చి నా పక్కనే కూర్చుని నా గాజులతో ఆడుకుంది. చివర్లో ఆయన, "మీకు ఇష్టమేనా అండి?" అన్నారు. ఇష్టమే. కానీ మావాళ్ళందరికీ అలవాటైన జవాబే నేనూ ఇచ్చాను, ప్రార్థన చేసుకుని చెప్తానండి అని. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని నాలో నేను నవ్వుకుంటూ వచ్చాను.

అప్పటికి డిసెంబరు సగం గడిచింది. కొత్త సంవత్సరం వాగ్దానం చూసుకుని చెబుదామనుకున్నాను. సంఘంలో అమ్మగారికి తప్ప ఎవరికీ ఈ సంగతి చెప్పలేదు. ఆవిడ నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు.

ఒకటో తేదీన నాకొచ్చిన కార్డులో, తొందరపడక ఉన్నచోటనే ఉండి ప్రభువు కోసం కనిపెట్టుకుని ఎదురుచూడమని ఉంది. దేవుడే అంత స్పష్టంగా చెప్పాక ఇంకేముంది? వద్దని కబురు పంపాను. రైల్లో నవ్వుకున్నదంతా శరీరాశ అని నన్ను నేనే తిట్టుకుని రెండు రోజులు ఉపవాసం కూడా ఉన్నాను. ఆ వేసవికే ఆయనకు చీరాల సంబంధం కుదిరింది.

మూడేళ్ళు గడిచాయి. మొన్న డిసెంబరులో అమ్మగారికి మోకాళ్ళ నొప్పులెక్కువై, కార్డులు చుట్టడానికి నన్ను సాయం రమ్మన్నారు. వంటింటి బల్ల మీద కార్డులు పరుచుకుని కూర్చున్నాం. ఆవిడ స్వస్థత వాక్యాలు కొన్ని ఏరి విడిగా గిన్నెలో వెయ్యమన్నారు. ఎందుకని అడిగితే మామూలుగానే చెప్పారు. కిడ్నీ జబ్బుతో ఉన్న ఒకావిడకి గద్దింపు వాక్యం వస్తే ఏడాదంతా కుమిలిపోతుందట. అందుకని అలాంటివాళ్ళ కార్డు పళ్ళెం అంచున బొటనవేలి కింద పట్టుకుని, వాళ్ళు కళ్ళు మూసుకుని చెయ్యి చాపగానే ఆ అంచు వాళ్ళ వేళ్ళకు తగిలేలా పళ్ళెం తిప్పుతారట. ఎన్నో ఏళ్ళుగా ఇంతేనట.

చుడుతున్న దారం కింద పెట్టేశాను. "నాది కూడానా అండి?" అన్నాను.

ఆవిడ తలెత్తకుండానే ఇంకో కార్డు తీసుకున్నారు. "నువ్వు రేపల్లె వెళ్ళిపోతే సండే స్కూల్ పిల్లల్ని ఎవరు చూస్తారమ్మా? నీ మేలు కోరే చేశాను," అన్నారు.

కంచే చేను మేసిందంటారే, అదీ నా సంగతి. అరవాలనిపించింది. అరవలేదు సరికదా, మిగిలిన కార్డులన్నీ చుట్టి మరీ ఇంటికొచ్చాను. అది తల్చుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఈసారి ఒకటో తేదీన పళ్ళెం నా ముందుకొచ్చినప్పుడు కళ్ళు తెరిచే ఉన్నాను, చెయ్యి చాపలేదు. అమ్మగారు ఒక్క క్షణం ఆగి పక్కావిడ దగ్గరకు వెళ్ళిపోయారు.

దేవుని స్వరం వినడం నేర్చుకోమని ఇప్పటికీ ప్రసంగాల్లో చెప్తుంటారు. దేవుడు నాతో నిజంగా మాట్లాడి ఉంటే ఆ రైల్లోనే మాట్లాడి ఉంటాడని, నేనే శరీరమని పేరు పెట్టి నోరు మూయించానని ఇప్పుడనిపిస్తోంది. అమ్మగారు మనిషి. ఆవిణ్ణి ఎప్పటికైనా క్షమిస్తానేమో. మరి ఆవిడ పళ్ళెం తిప్పుతుంటే చూస్తూ ఊరుకున్నాడే, ఆ దేవుడి సంగతేంటి? రోజూ పొద్దున్నే బియ్యం కడుగుతూ ఆయన్నే అడుగుతున్నాను. ఇంత సూటిగా ఆయనతో ఇదివరకెప్పుడూ మాట్లాడలేదు. జవాబు ఇంకా రాలేదు. వచ్చినా ఈసారి ఎవరి చేతి మీదుగానూ తీసుకోను.