గంగాప్రసాద్ నీలి గీతలు

ఆర్మూర్ పసుపు మార్కెట్ ఎదురుగా ఇంటర్నెట్ సెంటర్ నడిపే గంగాప్రసాద్‌కు దుమ్మంటే పడదు. పసుపు పొడి కంప్యూటర్లలోకి పోతుందని, ఎంత పెద్దమనిషి వచ్చినా చెప్పులు బయటే విడిపిస్తాడు. చిటికెన వేలు పైకెత్తి మౌస్ పట్టుకుంటాడు. కాలేజీ పిల్లల ప్రాజెక్టులకు వెబ్‌సైట్ల నుంచి కాపీ కొట్టి వర్డ్‌లో అతికిస్తాడు. ఫొటోలకు లింకులు పెట్టి, మాటల కింద పడ్డ నీలి గీతలు చూపిస్తూ, "గిదే నా స్పెషల్. నొక్కితే ఫొటో తెరుసుకుంటది" అని మీసం దువ్వుతాడు. ఆ ఫొటోలున్నది తన కంప్యూటర్లోనే, లింకులు వెతికేదీ అక్కడే అన్న సంగతి మాత్రం ఆ మహాపండితుడి బుర్రకు ఇప్పటికీ ఎక్కలేదు.

నిన్న డిగ్రీ చదివే ప్రియ, అతను చేసిచ్చిన ప్రాజెక్టు సీడీ పట్టుకుని ఏడుపు మొహంతో వచ్చింది. "అన్నా, కాలేజీల ఒక్క లింకు గూడ తెరుసుకోలే. మా సార్ మార్కులు ఎయ్యనన్నడు." గంగాప్రసాద్ ఆ సీడీనే తన కంప్యూటర్లో పెట్టి నొక్కాడు. పసుపు కొమ్ముల ఫొటో టక్కున తెరుచుకుంది. "చూడు, నా తాన మంచిగనే ఒస్తుంది. మీ కాలేజీ కంప్యూటర్లకే వైరస్ వట్టింది."

"అయితే మా సార్‌ను గీడికే తోల్కరావాల్నా?" ఒళ్లు మండి అడిగింది ప్రియ.

గంగాప్రసాద్ కాసేపు నిజంగానే ఆలోచించాడు.

"తోల్కరా. చెప్పులు బయట్నే ఇడ్శి రమ్మను."