మస్తాన్‌బీ మోకాలు, స్పిన్ మాప్

కోవిడ్‌కు రెండేళ్ళ ముందు నేను గుడివాడ నుంచి మచిలీపట్నం వచ్చి, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సీనియర్ ఫిజియోథెరపిస్టుగా చేరాను. ఆపరేషన్ అయినవారు ఏ వ్యాయామం చెయ్యాలి, ఏ పని మానాలి అన్నది నేను కాగితం మీద రాసేదాన్ని. సర్జన్ సంతకం పెట్టాకే అది అమలయ్యేది.

చేరిన నెలలోనే మస్తాన్‌బీ గారు వచ్చారు. యాభై దాటిన మనిషి. ఏళ్ళ తరబడి నాలుగిళ్ళల్లో గొంతుక్కూర్చుని తడిగుడ్డతో నేల తుడిచేవారు. మోకాలిలో మృదులాస్థి చిరిగి ఆపరేషన్ అయింది. కీలు వంపును కొలిచే గోనియోమీటర్ పెట్టి చూశాను. వంపు బాగానే వచ్చింది. అయినా బరువు పడకూడదని, 'గొంతుక్కూర్చోరాదు' అని రాశాను.

ఆమె దాన్ని నాతోనే చదివించుకుని, "అంటే పని మానెయ్యమనే కదండీ మేడంగారూ," అన్నారు. కోపం లేదు.

మర్నాడు మా ఇంట్లోని స్పిన్ మాప్‌ను ఆటోలో ఆసుపత్రికి తెచ్చాను. బకెట్లో ఒకవైపు నీళ్ళు, ఇంకోవైపు చిల్లుల బుట్ట. తడిపిన మాప్‌ను బుట్టలో పెట్టి కర్రను కిందికి నొక్కితే, కర్ర లోపలి మెలిక ఆ ఒత్తిడితో మాప్‌ను గిరగిరా తిప్పుతుంది. నీళ్ళు చిల్లుల్లోంచి బయటికి చిమ్ముతాయి. మైక్రోఫైబర్ పోగులు వెంట్రుక కన్నా సన్నం. వాటి సందుల్లో దుమ్ము చిక్కుకుంటుంది కాబట్టి కొద్దిపాటి తడే చాలు. అంతవరకూ నేనూ దాన్ని అంత పరీక్షగా చూడలేదు.

మస్తాన్‌బీ గారు ఆ పోగుల్ని వేళ్ళతో నలిపి చూశారు. "ఎన్ని గుడ్డలు పిండానో ఈ చేతుల్తో," అని మెల్లగా అన్నారు.

కర్ర గడ్డం ఎత్తుకు ఉండాలని, మోకాలు మెలిపెట్టకుండా పాదాలు తిప్పాలని చెప్పాను. ఆమె దూరపు గోడ దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడుస్తూ, అడ్డంగా పడుకున్న ఎనిమిది అంకెలా మాప్‌ను లాగుతూ వచ్చారు. నడుము వంగలేదు. ఆమె వదిలిన చోటల్లా తడి మెరిసి, ఫ్యాను గాలికి ఆరిపోతోంది. ఎంతసేపు నిలబడగలరో చూద్దామని పట్టుకున్న స్టాప్‌వాచ్‌ను నొక్కడం మరిచిపోయాను.

సగంలో ఆమే ఆగారు. "నీళ్ళు నల్లబడ్డాయండి. మళ్ళీ ఇందులోనే ముంచితే మురికి తిరిగి రాసినట్టే."

అది నాకు తట్టలేదు. గదికోసారి నీళ్ళు మార్చాలని, మోయడానికి బరువు కాకుండా సగం బకెట్టే నింపాలని కాగితంలో చేర్చాను. సర్జన్ చదివి సంతకం పెట్టారు.

రెండు నెలలకు ఆమె మూడిళ్ళల్లో పనికి వెళ్ళారు. వంగి తుడిస్తేనే మూలలు శుభ్రపడతాయన్న నాలుగో ఇంటిని ఆమే వదులుకున్నారు.

'వద్దు' అని రాస్తే నా పని సగమే అయినట్టని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత నా కాగితాల్లో దాని పక్కన 'బదులుగా ఏం చెయ్యాలి' అనే గడి గీశాను. రిటైరయ్యేదాకా దాన్ని ఖాళీగా వదల్లేదు.