శనగ గింజంత చక్రం

అన్సార్ మామకు అరవై ఒకటి. నంద్యాల గాంధీచౌక్ పక్క సందులో అద్దాలు కోసి ఫ్రేములు కడతాడు. షాపులో ఒక గోడకు దేవుళ్లు, ఇంకో గోడకు చనిపోయినవాళ్లు, మధ్యలో స్టూలు మీద ఆయన. ఊళ్లో ఎవరన్నా పోతే ఫొటో పెద్దది చేయించుకుని జనం ఈయన దగ్గరికే వస్తారు. ఆ ఫొటోలు చూసి చూసి ఆయనకు ఒక కోపం పట్టుకుంది. ఆధార్ కార్డులోని ముఖాన్ని సాగదీసి తెస్తారే గానీ, మనిషి బతికుండగా ఒక్క మంచి ఫొటో తీయించరు అని. ఆ కోపంతోనే యాభై మూడో ఏట సెకండ్ హ్యాండ్ కెమెరా కొన్నాడు.

ఆ కెమెరా వెనక స్క్రీను సగం నల్లబడిపోయింది. దానికి ఆయన తగిలించిన లెన్సు రష్యాలో చేసింది, నా కంటే ఇరవై ఏళ్లు పెద్దది, మూసేసిన స్టూడియోలో దొరికింది. దానంతట అది ఏమీ చేయదు. కన్ను ఆనించి, చేత్తో రింగు తిప్పుతూ, ముఖం ఎక్కడ తేటపడుతుందో అక్కడ ఆగాలి. మామ ఆ రింగును పాలకోవా కలిపినట్టు నిదానంగా తిప్పుతాడు. ఫొటో తీయించుకునేవాడి నవ్వు ఆలోపు అరిగిపోతుంది.

ఇట్లాంటి పాత లెన్సుల పిచ్చోళ్లం నంద్యాలలో పద్నాలుగు మందిమి ఉన్నాం. వాట్సాప్‌లో మా గ్రూపు పేరు తిప్పుడు బ్యాచ్. ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసే పూర్ణిమక్క అడ్మిన్. ప్రతి ఆదివారం పన్నెండు గంటలకు తలా ఒక ఫొటో పెట్టాలి. చేత్తో ఫోకస్ చేసిందే పెట్టాలి, తర్వాత దిద్దకూడదు. మిగతావాళ్లు ఫొటోను వేళ్లతో పెద్దది చేసి, కంటి రెప్పల వెంట్రుకలు కనపడితే ‘పడింది’ అని రాస్తారు. లేకపోతే ‘పడలేదు’. అంతకు మించి పొగడ్తలు, దండాలు మా దగ్గర చెల్లవు. ఎనిమిదేళ్లలో మామకు వచ్చిన ‘పడలేదు’లు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు.

నాకు ‘పడలేదు’ ఎక్కువ. సీసీ కెమెరాలు బిగించుకుంటూ, వీడియోలు చూసి నేర్చుకున్నవాడిని. అందుకేనేమో, ఫొటోల కంటే మామను ఏడిపించడంలోనే నా పనితనం బాగుండేది. ఒకసారి ఆయన లెన్సు సంచిలో లెన్సు తీసేసి వేయించిన చెనిక్కాయలు నింపాను. ఆయన ఒక్క మాట అనకుండా అన్నీ తిని, పొట్టు మళ్లీ నా హెల్మెట్లో పోసి పంపాడు. మా మధ్య వరస అట్లాంటిది.

మొన్న ఎండాకాలం ఒక ఆదివారం సాయంత్రం నూనెపల్లెలో ఉగ్గాని తిని, టీ తాగుతున్నాం. మామ నమాజుకు పోతూ కెమెరాను నా ఒళ్లో పెట్టి, “కిందపెట్టొద్దు, దుమ్ము” అని చెప్పి పోయాడు. ఆ వారమే నేను ఒక వీడియోలో ఒక సంగతి కనిపెట్టాను. కన్ను ఆనించే చోటు పక్కనే శనగ గింజంత చక్రం ఒకటి ఉంటుంది. చూసేవాడి చూపుకు తగ్గట్టు దాన్ని ఒకసారి సరిచేసుకుంటే చాలు. తప్పుగా తిప్పితే లోపల లోకమంతా మసక. మా బ్యాచ్‌లో ఎవరికీ దాని సంగతి తెలియదు. అందరివీ చేతులు మారి వచ్చిన కెమెరాలు, వెంట పుస్తకం రాదు.

గోరుతో ఆ చక్రాన్ని చివరిదాకా తిప్పేశాను.

మామ తంటాలు పడతాడు, నన్ను తిడతాడు, మర్నాడు పోయి సరిచేసి టీ తాగుదాం అనుకున్నా. మర్నాడు చాగలమర్రిలో ఒక దాబాకు కెమెరాలు బిగించే పని తగిలింది. ఆ చక్రం నా బుర్రలోంచి జారిపోయింది.

బుధవారం మామ ఆళ్లగడ్డ పోయాడు. అక్కడ శాంతయ్య అని రాతి శిల్పి, మామకు పాత స్నేహితుడు. శాంతయ్య ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అమ్మవారి విగ్రహానికి కళ్లు ఆఖరున చెక్కుతారు. చివరి ఉలి దెబ్బ పడగానే విగ్రహం ముందు అద్దం పట్టుకుంటారు. అమ్మవారి తొలి చూపు మనుషుల మీద కాక ఆమె మీదే పడాలని. ఇరవై ఏళ్లుగా ఆ అద్దాలు కోసి ఇచ్చేది మామే. అయినా ఆ నిమిషంలో లోపలికి ఇంట్లోవాళ్లు తప్ప ఎవరూ పోరు. రెండేళ్లు అడిగితే ఈసారి శాంతయ్య ఒప్పుకున్నాడు, అద్దంలో ఆమె ముఖం ఒక్కటి తీసుకోమని. అది వచ్చే నెల అని నేను అనుకుంటున్నా. ముహూర్తం ముందుకు జరిగిందని నాకు తెలియదు.

ఆదివారం పన్నెండుకు మామ ఫొటో వచ్చింది. అద్దం లేదు, ముఖం లేదు. నల్లటి మసక, దాని మీద తెల్లటి మసక. పన్నెండు మంది ‘పడలేదు’ అని రాశారు. నేను అంతటితో ఊరుకోలేదు. “సాంబ్రాణి పొగ ఎక్కువ పట్టినట్టుంది మామా” అని రాసి, పొర్లి పొర్లి నవ్వే స్టిక్కర్ పెట్టాను. నాకు తొమ్మిది నవ్వులు వచ్చాయి. అప్పుడు పూర్ణిమక్క, ఇది ఆళ్లగడ్డలో అమ్మవారి కళ్లు తెరిచినప్పటిదని, విగ్రహం అదే రోజు లారీ ఎక్కి వెళ్లిపోయిందని రాసింది.

నా వేలు నాకు గుర్తొచ్చింది.

వెంటనే చెప్పేసి ఉంటే కథ అక్కడే అయిపోయేది. తొమ్మిది మంది నవ్విన చోట నిలబడి తప్పు నాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. రేపు చెప్దాం అనుకున్నా. రోజూ షాపు ముందు బండి మీద పోతూ వేగం పెంచేవాణ్ణి. తర్వాతి ఆదివారం మామ ఫొటో పెట్టలేదు. సోమవారం గ్రూపులోంచి వెళ్లిపోయాడు. మూడు రోజులు ఆగి, గురువారం సాయంత్రం షాపుకు పోయాను.

కౌంటర్లో అజీజున్నీసా అత్త ఉంది, మామ భార్య. మామ లోపల గాజు కోస్తున్నాడు. ఆమె గొంతు తగ్గించి నన్నే అడిగింది, మీ మామకు ఏమైంది అని. ఇంట్లో కండ్లు మూసుకుని, గోడ పట్టుకుని నడుస్తున్నాడట. అడిగితే ఎక్సర్‌సైజు అంటున్నాడట. ఆయనకు షుగరు పదేళ్లుగా ఉంది. ఆయన తల్లికి కూడా ఇట్లే అరవై దాటాక సూదిలో దారం ఎక్కించడం రాకుండా పోయి, రెండేళ్లలో చూపంతా పోయిందని అత్త చెప్పింది. ఆస్పత్రికి రమ్మంటే కోప్పడుతున్నాడని కూడా చెప్పింది.



ఇంతలో మామ బయటికి వచ్చాడు. నన్ను చూసి నవ్వి, అత్తను టీ చెప్పిరమ్మని పంపాడు. ఆమె పోయాక సొరుగులోంచి రష్యా లెన్సు తీసి, పంచె అంచుతో తుడిచి, నా చేతిలో పెట్టాడు.

“ఇది నువ్వు తీసుకో సందీపూ. నీ కండ్లు బాగుండాయి.”

“నాకెందుకు మామా?”

“మీ అత్తకు చెప్పొద్దు. దూరం చూపు ఇంకా ఉంది. కెమెరాలో మటుకు ఏదీ తేట కనపడ్డంలే. మా యమ్మకు గూడా సన్నవి ముందు పోయినాయి.”

లెన్సు చేతిలో సీసం ముద్ద లాగా ఉంది. అప్పుడు చెప్పాను. చక్రం సంగతి, నమాజు సంగతి, దాబా సంగతి, స్టిక్కర్ సంగతి. తల ఎత్తకుండా ఆయన చెప్పుల వైపే చూస్తూ అంతా చెప్పాను.

మామ తెరిచి ఉన్న సొరుగును నిదానంగా మూశాడు. తర్వాత అడిగాడు.

“ఎన్ని దినాలైంది?”

“పద్దెనిమిది.”

“పద్దెనిమిది దినాలు నేను గుడ్డోని మాదిరి బతికేది నేర్చుకుంటాండా రా. మంచం కాన్నించి బాత్రూముకు పదకొండు అడుగులు. కండ్లు మూసుకుని గడ్డం గీసుకునేది గూడా వచ్చింది.”

దవడ కింద రెండు చోట్ల కోసుకున్న గాట్లు అప్పుడు చూశాను. నేను వెధవ వేషాలు చాలా వేశాను. వాటిలో ఏదీ ఒక మనిషి గడ్డం మీద గాటుగా మిగలలేదు.

ఆయన కెమెరా తెచ్చి, నా చేతిలోని లెన్సు తీసుకుని బిగించాడు. ఆ చక్రం యాడుందో చూపమన్నాడు. చూపించాను. కన్ను ఆనించి, వీధి వైపు తిరిగి, బొటనవేలితో కొంచెం కొంచెంగా తిప్పాడు. ఒకచోట ఆగి, అట్లే నిలబడిపోయాడు. ఎదురుగా చెప్పుల అంగడి బోర్డు మీద అక్షరాలు ఒక్కొక్కటే చదివాడు, ఫోన్ నంబరుతో సహా.

“కండ్లు ఉండాయి లే,” అన్నాడు చివరికి. “ఆళ్లగడ్డ ఫొటో పాయె. అమ్మవారికి కండ్లు మళ్లీ తెరుస్తారా?”

శాంతయ్యను నేనే పోయి బతిమాలతానని గొణిగాను. అది ఆయన వినలేదు.

“ఆడ కూర్చో,” అని స్టూలు చూపించాడు.

కూర్చున్నాను. ఆయన నా ముందు నిలబడి రింగు తిప్పడం మొదలుపెట్టాడు. ఎప్పటికంటే నిదానంగా. వీధిలో రెండు ఆటోలు పోయాయి. అత్త టీ తెచ్చి కౌంటర్ మీద పెట్టి, ఏం జరుగుతోందో అర్థం గాక మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. లెన్సులోకి చూడడం నాకు చేతకాలేదు. నా చెవులు కాలిపోతున్నాయి. మామ నన్ను తల ఎత్తమనలేదు. అట్లే తీశాడు.

ఆ రాత్రి నిజం నేనే గ్రూపులో రాశాను. ఎవరూ నవ్వలేదు. పూర్ణిమక్క మామను మళ్లీ చేర్చుకుంది, నన్ను ఒక నెల తీసేసింది. ఆ నెలలో మామను కంటి డాక్టరు దగ్గరికి ఎక్కించుకుపోయింది నేనే. షుగరు కాస్త చూసుకోమన్నారు, కళ్లు బాగున్నాయన్నారు. ఇప్పుడు ఆ చక్రం మీద మామ నల్ల టేపు అంటించాడు. నమాజుకు పోయేటప్పుడు కెమెరాను మెడలో వేసుకునే పోతాడు. ఎందుకని నేను అడగను.

నా ఫొటోను ఆయన ఆదివారం పన్నెండుకు గ్రూపులో పెట్టాడట. కిందికి వాలిన కళ్లు, రెప్పల వెంట్రుకలు లెక్కపెట్టచ్చు. పన్నెండు ‘పడింది’లు వచ్చాయని పూర్ణిమక్క చెప్పింది. తర్వాత మామ దాన్ని పెద్దది చేసి, మంచి నల్ల ఫ్రేము కట్టి, షాపులో చనిపోయినవాళ్ల గోడకు తగిలించాడు. తీయమని బతిమాలాను. దేవుళ్ల గోడ మీద చోటు లేదన్నాడు.

మొన్న నేను అక్కడే ఉండగా దగ్గర్లోని బండి ఆత్మకూరు అనే ఊరి నుంచి ఒక పెద్దాయన తన తల్లి ఫొటో తీసుకుపోదామని వచ్చాడు. గోడ మీద నన్ను చూసి, అంత చిన్న వయసులో ఎట్లా పోయాడో పాపం అని అడిగాడు. గాజు కోస్తున్న మామ తల ఎత్తలేదు.

“పోలేదప్పా,” అన్నాడు. “సిగ్గుపడుతాండాడు.”